ముందెవరు కూర్చోవాలి

సింగపూర్‌లో మంచు చూడాలంటే ఫ్రిజ్ తలుపు తియ్యాలి. అంతకు మించి మార్గం లేదు. అలాంటి ఊళ్ళో, క్రాంజీకి పక్కనున్న ఉడ్‌ల్యాండ్స్‌లో, ఒక ఎత్తయిన బ్లాకులోని ఫ్లాటులో ముగ్గురు మనుషులు నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతుండగా చెమటలు తుడుచుకుంటూ, మంచు మీద పరిగెత్తే బండి ఏది తీసుకోవాలా అని వాదించుకుంటున్నారంటే వినేవాళ్ళకి నవ్వు రావడం సహజం. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. కమలం అసలే నవ్వలేదు.

సంగతి ఇదీ. కమలం, సన్యాసిరావులకి ఒక్కతే కూతురు, పునీత. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. అమ్మానాన్నల్ని ఫిబ్రవరిలో జపాన్ తీసుకెళ్ళి హొక్కైడోలో మంచు చూపిస్తానంది. అన్నమాట ప్రకారం విమానం టిక్కెట్లూ తీసింది, హోటలూ చూసింది. అక్కడ ఒక పూట స్నోమొబైల్ ఎక్కించే ఏర్పాటు కూడా ఉంది. మోటారుసైకిలుకి చక్రాలు పీకేసి, ముందు రెండు చెక్కలూ వెనక ఒక పట్టా తగిలిస్తే ఎలా ఉంటుందో అలాంటి బండి. వాళ్ళ దగ్గర అవి రెండు రకాలున్నాయి. మీకు ఏది కావాలో ముందే చెప్పాలని టూర్ ఏజెన్సీ అమ్మాయి అడిగింది. అక్కడ మొదలైంది గొడవ.

ఒకటి ఎర్రది. ముక్కు కోసుగా, సీటు పొట్టిగా, ఒక్క మనిషికే. ఫొటోలో దాన్ని నడుపుతున్నవాడు సీటు మీద కూర్చోనే లేదు, లేచి నిలబడ్డాడు. రెండోది బూడిద రంగుది, టూరింగ్ అంటారు. పొడుగ్గా ఉంది. ముందు పెద్ద గాలి అద్దం, వెనక కూర్చునే మనిషికి నడుం ఆనుకోడానికి దిండు, చేతులు కొయ్యబారకుండా వెచ్చబడే పిడులు. ఇద్దరికి.

"ఎర్రదే," అన్నాడు సన్యాసిరావు, పునీత ఫోన్ మీద వేలు పెట్టి. ఆ వేలు ఆగదు. తెర మీద అటూ ఇటూ ఆడేసరికి ఫొటో పక్కకి జరిగిపోయింది, ఎవరిదో హోటల్ గది వచ్చింది. పునీత మళ్ళీ ఎర్ర బండిని వెనక్కి తెచ్చింది. కమలం చూపు మాత్రం బండి మీద లేదు, ఆ వేలి మీదే ఉండిపోయింది.

రెండేళ్ళ క్రితం కుడి చేతిలో మొదలైంది ఆ వణుకు. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. సన్యాసిరావు ఆ పేరు ఎన్నడూ పలకడు, "ఒణుకు" అంటాడు అంతే. మందులున్నాయి, నడక ఉంది, ఏళ్ళూ చాలానే ఉన్నాయి అని డాక్టరు మంచిగానే చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఇక మోటారుసైకిలు వద్దు అన్నాడు. ఆ ఒక్క మాటా సన్యాసిరావుని పడగొట్టినట్టు రోగం కూడా పడగొట్టలేదు.

ఆయనకి బండంటే అలాంటి ప్రాణం మరి. పెళ్ళయిన కొత్తలో కాపురం అవతలి ఒడ్డున మలేషియాలోని జొహోర్‌లో, ఉద్యోగం ఇటు సింగపూర్‌లో, తువాస్‌లోని ఓడల యార్డులో. మలేషియా వాళ్ళు ముద్దుగా కప్‌చాయ్ అని పిలుచుకునే చిన్న మోటారుసైకిలు మీద, తెల్లారకముందే, సముద్రం మీది వంతెన దాటి వచ్చేవాడు. వానలో వచ్చాడు, జ్వరంతో వచ్చాడు. ఫోర్‌మన్ అయ్యి, ఈ దేశంలో ఉండిపోడానికి కాగితాలొచ్చి, ఈ ఫ్లాటు కొన్నాక కూడా బండి వదల్లేదు. దాన్ని ఎవరికో ఇచ్చేసిన రోజు అన్నం తినలేదు. ఆ తర్వాత తిన్నాడు గాని, మాట తగ్గించేశాడు. సోఫాలో కూర్చునేవాడు, అంతే. మళ్ళీ ఆ ముఖంలోకి కళ వచ్చింది ఈ మంచు బండి ఫొటోలు చూశాకే.

పోనీ కమలం ఏమన్నా తక్కువ తిందా? లేదు. రెండంతస్తుల బస్సు నడిపి పోయినేడే రిటైరైంది. ఇక్కడ డ్రైవరు అనరు, బస్ కెప్టెన్ అంటారు. అంత బస్సునీ, బస్సులన్నీ చేరే ఇంటర్‌చేంజ్‌లో వెన్నముద్ద దించినట్టు నిలబెట్టేది. అయితే చిత్రం చూడండి, ఎంతమందిని ఎక్కించుకున్నా, బస్సు దిగి ఇంటికొచ్చాక ఆవిడ స్థానం మొగుడి వెనకే. బండి మీద ఆయన ముందు, ఈవిడ వెనక. మార్కెట్టుకైనా, గుడికైనా, మలేషియాలో, పేరాక్‌లోని పుట్టింటికైనా. ఇందులో ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టింది లేదు. ఒకసారి కూర్చున్నచోటు అలాగే ఉండిపోయింది.

అందుకే పునీత ఇక్కడి పిల్లల యాసలో, "మా, టూరింగ్ తీసుకుందాం లా. నువ్వు డ్రైవ్ చెయ్. డబుల్ డెక్కర్ నడిపావు, ఇదేం పెద్ద లెక్క? పా నీ వెనక కూర్చుంటారు, సేఫ్," అన్నప్పుడు సన్యాసిరావు తెర మీది వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎనక కూకోడానికి నానేటి మార్కెట్ సంచినా?" అన్నాడు సన్యాసిరావు. గట్టిగా కూడా అనలేదు. అని, లేచి బాల్కనీలోకి వెళ్ళి బట్టలారేసే కర్రలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మా, యూ సెటిల్ విత్ హిమ్ లా," అంది పునీత గొంతు తగ్గించి. "శుక్రవారం సాయంత్రం ఏజెన్సీ ఫోన్ చేస్తుంది. ఎర్రది మాత్రం కుదరదు. దాని యాక్సిలరేటర్ ఎక్కడుందో తెలుసా? కుడి బొటనవేలు కింద."

తెలుసు. ఆ బండి నడిపే వీడియో కమలం చూసింది. బొటనవేలితో చిన్న మీట నొక్కితే బండి పరిగెడుతుంది, ఎడమ చేత్తో బ్రేకు పట్టుకుంటే ఆగుతుంది. అంతే విద్య. అంతే గాని, ఆ బొటనవేలు ఆయన మాట వినడం మానేసి చాలా కాలమైంది. చొక్కా గుండీలు కమలమే పెడుతోంది. ఎర్ర బండి ఎక్కనిస్తే మనిషి ఏ చెట్టుకో గుద్దుకుంటాడు. వద్దని వెనక కూర్చోబెడితే ఈ కాస్త కళా ఆరిపోతుంది. ఏది చేసినా ఆయన్ని పడగొట్టేది తనే అవుతుంది. ఈ సంగతి కూతురికి చెప్పి ఏం లాభం? సరేనంది.

మంగళవారం ఆ మాట ఎత్తుదామనుకుంది, ఎత్తలేదు. బుధవారం అన్నంలో చారు పోస్తూ, "బావా, ఆ బండి..." అంది. ఆయన తలెత్తి చూశాడు. ఆ కళ్ళల్లో ఉన్న భయం చూసి, "ఆ బండెక్కితే మంకీ క్యాప్ పెట్టుకోవాలంట," అని మాట మార్చేసింది. సన్యాసిరావు ఆవిడకి మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పటినుంచీ బావే. బావ అని పిలిచిన నోటితో నువ్వింక ముందు కూర్చోకూడదు అని ఎలా అనడం? ఆ మాట నాలుక దాకా వచ్చి మళ్ళీ గొంతులోకి జారిపోయేది.

ఇంతకీ కమలం గొంతులో ఉన్నది ఆ ఒక్క మాటే కాదు. అంతకంటే పాడు మాట ఇంకోటుంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు.

కమలం పుట్టింది పేరాక్‌లో, కొబ్బరి ఎస్టేటులో. ఆ ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరిలాగే ఆమె తల్లి ఆదెమ్మ కూడా శుక్రవారం సందెవేళ దీపం పెట్టి, తాళికి కుంకుమ అద్ది ఒకటే కోరుకునేది. ఆయన కంటే ముందు నన్ను తీసుకుపో తల్లీ అని. కమలం పెళ్ళైన వారానికే ఆ మాట కూతురికీ నేర్పింది. ఇన్నేళ్ళూ ఒక్క శుక్రవారం తప్పకుండా కమలం అదే అడిగింది. బావ కంటే ముందు నేను పోవాలి. బస్సు డ్యూటీలో సందె పడితే, స్టీరింగు వదలకుండా మనసులోనే అనుకునేది.

ఆదెమ్మ కోరిక తీరింది. మొగుడు కళ్ళముందు తిరుగుతుండగానే వెళ్ళిపోయింది. పసుపు రాసి, పువ్వులు పెట్టి పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసి సాగనంపారు. పుణ్యాత్మురాలు, ఏం చావు, ఏం చావు అని ఎస్టేటు ఎస్టేటంతా చెప్పుకున్నారు. బాగానే ఉంది. వెనక మిగిలిన మొగుడు అప్పయ్య సంగతి ఎవరడిగారు? కమలం తండ్రి ఆ తర్వాత ఏళ్ళ తరబడి బతికాడు. ఇపో టౌనులో కొడుకుల ఇళ్ళ మధ్య తిరుగుతూ, ఎవరు కంచం పెడతారా అని వంటింటి గుమ్మానికేసి చూస్తూ బతికాడు. చివర్లో చొక్కా వేసుకోవడం మానేశాడు. గుండీలు పెట్టమని కోడళ్ళని అడగలేక అని కమలానికి ఇప్పుడు అర్థమవుతోంది.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన తర్వాతి శుక్రవారం కమలం దీపం పెట్టి, అలవాటుగా నోరు తెరిచింది. మాట రాలేదు. ముందు నేను పోతే ఈయన గుండీలు ఎవరు పెడతారు? రేపొద్దున చెంచా కూడా పట్టుకోలేకపోతే ఎవరు తినిపిస్తారు? పునీత ఆఫీసు మానుకుంటుందా? ఏ ముసలివాళ్ళ హోములోనో ఎవరో తెలియని పిల్ల గబగబా నోట్లో కుక్కి పోతుంటే ఈ మనిషి నోరు మూసుకుని మింగుతాడు. ఇంకొంచెం నెమ్మదిగా పెట్టమని కూడా అడగడు. అప్పుడు ఆ నోటివెంట వేరే మాట వచ్చింది. బావని ముందు తీసుకుపో. తర్వాత నేనొస్తాను.

అనేశాక భయపడిపోయింది. మొగుడు చావాలని దీపం ముందు కోరుకున్న ఆడదాన్ని ఏమంటారు? అమ్మ వింటే చెంప పగలగొట్టును. అయినా మరుసటి శుక్రవారమూ అదే వచ్చింది, ఆ పై శుక్రవారమూ. అలా అడిగిన ప్రతిసారీ ఆ రాత్రి భోజనంలో ఆయన కంచంలోకి ఇంకొక ముక్క ఎక్కువ వేసేది. ఏదో అపరాధం చెల్లించుకుంటున్నట్టు.

ఏజెన్సీ ఫోన్ చేస్తానన్న శుక్రవారం వచ్చింది. సందెవేళ కమలం గదిలో దేవుడి పటాల ముందు దీపం వెలిగించింది. తాళి రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. హాల్లో పునీత ఫోన్ మాట్లాడుతోంది, సన్యాసిరావు టీవీ చూస్తున్నాడు. అవేవీ కమలం చెవికి ఎక్కలేదు. తల్లీ, ఈ పాపిష్టి మాట మళ్ళీ నా చేత అనిపించకు అని ఒక మనసు, అనకపోతే ఎలా అని ఒక మనసు. నానా యాతనా పడుతోంది.

"అమ్మా, ఎవరు ముందు?" అని కేకేసింది పునీత. "నువ్వా, నాన్నా?"

కమలానికి ఆ అడిగింది కూతురో, పటంలోని తల్లో తెలియలేదు. ఇన్ని రోజులుగా లోపల మసులుతున్న ప్రశ్నే బయటినుంచి వినిపించింది. కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పేసింది.

"మీ నాన్నే ముందు. నానెనకొత్తాను."

ఆ మాట గదిలోంచి హాల్లోకి స్పష్టంగా వినపడింది.

"ఓకే, పా ఇన్ ఫ్రంట్, మా బిహైండ్. యెస్, టూరింగ్ మోడల్, వన్ యూనిట్," అని పునీత ఫోన్‌లో చెబుతుండగా కమలం ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. దీపం కొండెక్కకుండా చెయ్యి అడ్డంపెట్టి, లేచి హాల్లోకి వచ్చేసరికి ఫోన్ పెట్టేయడం అయిపోయింది.

"షూర్ ఆ, మా? పా డ్రైవ్ చేస్తే ఓకేనా నీకు?" పునీత కళ్ళెగరేసి అడిగింది.

కమలం సన్యాసిరావు వైపు చూసింది. ఆయన టీవీ చూడ్డం మానేశాడు. పెళ్ళాం ముఖంలోకే చూస్తున్నాడు, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ముఖం మీదికి చిన్న నవ్వు తెచ్చుకుని, "మీ అమ్మ సెప్పింది కదా. అలాగే కానీ," అన్నాడు.

ఎర్ర బండి మాట ఎత్తనేలేదు. బూడిద రంగు బండికి ఒప్పేసుకున్నాడు. తనని ముందు కూర్చోబెట్టిందని ఎంత సంబరపడ్డాడో అనుకుంది కమలం. అనుకుని కుంగిపోయింది. ఇప్పుడు కాదు, పొరపాటున అన్నాను అంటే, మరి దేన్ని గురించి అన్నావు అని అడగడూ? అప్పుడేం చెబుతుంది? నోరు మూసుకుంటే ఆయన ఆ వేలితో బండి నడుపుతాడు. నోరు విప్పితే నువ్వు చావాలని కోరుకున్నాను అని చెప్పాలి. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కొస్తే గొయ్యి అన్న ఇరకాటంలో పడింది. ఆ రాత్రి ఆయన కంచంలో ముక్కలు వేస్తుంటే, "సాలు, కమలం," అని చెయ్యి అడ్డం పెట్టాడు సన్యాసిరావు.

మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక ఆయనే అన్నాడు. "కిందికెల్దాం, రా. కొంచెం సాధన సేద్దాం."

"ఏటి సాధన?"

"బండి సాధన. మంచులోకెళ్ళి నేర్సుకుంటామా?"

బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ చోటులో సిమెంటు బెంచీలున్నాయి. ముసలివాళ్ళు చదరంగం ఆడుకునేదీ, పెళ్ళిళ్ళకీ చావులకీ కుర్చీలు వేసేదీ అక్కడే. శనివారం పొద్దున్న కావడంతో ఎవరూ లేరు, పేపరు చదువుకుంటున్న ఒక చైనా ముసలాయన తప్ప. సన్యాసిరావు ఒక బెంచీ మీద గుర్రమెక్కినట్టు కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూర్చున్నాడు. వెనక చోటు చూపించాడు. కమలానికి సిగ్గేసింది. చైనా ముసలాయన పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు. సరేనని కమలం కూడా అలాగే ఎక్కి వెనక కూర్చుంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది.

వేసేసరికి తెలిసింది. ఇన్నాళ్ళూ వణుకుతున్నది చెయ్యి ఒక్కటే అనుకుంటోంది. చొక్కా కింద వీపు కూడా సన్నగా అదురుతోంది. ఇంజను పనిచేస్తున్న బస్సు మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసే అదురు లాంటిది. చూసేవాళ్ళకి కనపడదు. ఆయనకి మాత్రం పగలూ రాత్రీ ఆగదన్నమాట. ఒక్కసారి కూడా చెప్పలేదు.

సన్యాసిరావు రెండు చేతులూ ముందుకు చాపి, లేని పిడులు పట్టుకున్నాడు. "ఇదుగో, బొటనేలు. నొక్కితే ఎల్తాది," అన్నాడు. బొటనవేలు గాలిలో నొక్కింది, వదిలింది, నొక్కింది, వదిలింది. ఆయన నొక్కమన్నది ఒక్కసారే. "సూసావా? ఎల్తాది, ఆగుతాది, మళ్ళీ ఎల్తాది. గుర్రం కూడా ఇంత పొగరు సెయ్యదు," అన్నాడు.

భుజం మీదినుంచి కమలం ఆ వేలినే చూసింది.

"ఇప్పుడు బ్రేకు. ఆపమని సెప్పు."

"ఆపు, బావా," అంది.

ఎడమచెయ్యి బిగుసుకోడానికి చాలాసేపు పట్టింది. బస్సు నడిపిన మనిషికి ఆ ఆలస్యం ఎంత దూరమో తెలుసు. ఆ దూరంలో ఒక చెట్టు పడుతుంది, ఒక గట్టు పడుతుంది. సన్యాసిరావుకీ తెలుసు. చేతులు దించేసి తొడల మీద పెట్టుకున్నాడు.

ఆయన ముఖం ఎదురుగా ఉండి ఉంటే కమలం నోరు పెగిలేది కాదు. ఎదురుగా ఉన్నది ఆయన వీపు, తను ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. ఆ చొక్కాతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"బావా, నిన్న నాను సెప్పింది బండి గురించి కాదు."

చొక్కా భుజం దగ్గరి ముడత వేలితో సవరించింది.

"దీపం కాడ ఉన్నాను. పునీత అడిగిందనుకోలేదు. అమ్మవారు అడిగిందనుకున్నాను." ఆపలేదు, ఆపితే మళ్ళీ ఈ జన్మలో చెప్పలేనని తెలుసు. "ఇన్నేళ్ళూ నన్నే ముందు తీసుకుపో అని అడిగాను. ఇప్పుడలా అడగలేకపోతన్నాను. నానెలిపోతే నిన్నెవరు సూత్తారు? మా నాన్న బతికిన బతుకు నువ్వు బతుకుతావేమో అని బయిం. అందుకని నిన్ను ముందు తీసుకెల్లమంటన్నాను. పెళ్ళాన్నై ఉండి. నాకు పాపం తగుల్తాదని తెల్సు. తగిల్తే తగలనీ."

చైనా ముసలాయన పేపరు మడిచి, సంచీ తీసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా వెళ్ళిపోయాడు.

"నాకు తెల్సు," అన్నాడు సన్యాసిరావు.

"ఏటి తెల్సు?"

"నిన్న నువ్వన్నప్పుడే తెల్సింది. నానెనకొత్తాను అన్నావు సూడు, అక్కడ తెల్సిపోనాది. బండి మీద ఎనక కూకున్నోళ్ళు ఎనకరారు కమలం. కూడా వొత్తారు."

కమలం ఆయన నడుం మీది చెయ్యి తీసేసింది.

"మరి తెల్సుంటే అలాగే కానీ అన్నావెందుకు?" అంది.

"పిల్ల ముందు నిన్నేటి అడగను? ఇంకోటి కూడా ఉంది, అబద్దమాడను. తెల్సి కూడా ఆ సీటు మీద ఆశ సావలేదు. పోనీలే, మాట తప్పుగా ఇన్నా సీటు నాకే వొచ్చింది కదా అనుకున్నాను. రాత్రంతా బొటనేలు ఆడిత్తానే ఉన్నాను దుప్పట్లో." కాస్త ఆగాడు. "నువ్వు పాపం అంటన్నావు. నాను కూడా అదే అడుగుతన్నాను. ఒణుకొచ్చిన కాడ్నించీ. ముందు నన్ను తీసుకుపో, ఈ మనిషి లేకండా ఒక్కరోజు కూడా ఉంచకు అని. నీకు సెప్పడానికి సిగ్గేసింది. నువ్వు ఒక్కదానివీ అయిపోతావని తెల్సి కూడా అడుగుతన్నాను కదా. మీ నాన్నని నాను కూడా సూసాను."

కమలం ఆయన వీపు మీద నుదురు ఆనించి ఏడ్చింది. ఇన్ని శుక్రవారాలు ఒక్కతే మోసిన మాట. పక్కనే, అదే దుప్పటి కింద, ఈయనా అదే మోస్తున్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే వరం అడిగారు. పాపమైతే ఇద్దరిదీ సమానంగానే ఉంది. అంత ఏడుపులోనూ గుండె మీద బరువు దిగినట్టయింది. దిగిందని ఒప్పుకోడానికి మళ్ళీ భయమేసింది.

సన్యాసిరావు ఆవిణ్ణి ఏడవనిచ్చాడు. ఊరుకో అనలేదు. కాసేపయ్యాక బెంచీ మీద చేతులానించి, కష్టపడి లేచి నిలబడ్డాడు. లేవడానికి కమలం సాయం పట్టబోతే వద్దన్నాడు.

"జరుగు," అన్నాడు.

"ఎక్కడికి?"

"ముందుకి."

కమలం తడి కళ్ళతో ఆయన వైపు చూసింది. ఆయన ముఖం కూడా బాగా లేదు. ఆ సీటు మీది ఆశ ఆ ముఖంలో ఇంకా ఉంది. అది ఈ ఒక్క పొద్దుటితో పోయేది కాదు, బహుశా ఎప్పటికీ పోదు. అయినా చెయ్యి ఊపి మళ్ళీ జరగమన్నాడు.

"రెండూ నానే తీసుకుంటే నాయం కాదు కమలం. ఆ ముందు నాకొదిలీ. ఈ ముందు నువ్వు కూకో."

కమలం ముందుకు జరిగింది. సన్యాసిరావు ఒక కాలు అటు వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి వేసి, వెనక కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెనక కూర్చోలేదు కదా. కమలమే ఆ రెండు చేతులూ పట్టుకుని తన నడుం చుట్టూ వేసుకుంది. కుడిచెయ్యి ఆమె పొట్ట మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. దాని మీద తన చెయ్యి పెట్టి అదిమింది. కొట్టుకోవడం ఆగలేదు గాని, ఆ చెయ్యి ఇద్దరిదీ అయింది.

ఎదురుగా కార్ల పార్కింగు, దాని అవతల బస్ స్టాపు. ఎవరో పిల్లలు స్కూటర్లు తోసుకుంటూ పోతూ ఈ ఇద్దర్నీ చూసి నవ్వుకున్నారు. కమలం పట్టించుకోలేదు.

"పునీతకి ఫోన్ సెయ్యి," అన్నాడు వెనకనుంచి.

చేసింది. పునీత నిద్రమత్తులో ఎత్తింది.

"పునీతా, ఏజెన్సీ పిల్లకి సెప్పు. బండి అదే. ముందు నాను కూకుంటాను, మీ నాన్న ఎనక."

"హా? నిన్న పా ముందు అన్నావు కదా?"

"నిన్న నువ్వడిగింది ఒకటి, నాకు ఇనపడింది ఒకటి."

"వాట్ యూ మీన్?" అని, జవాబు రాకపోయేసరికి పునీత గొంతు మారింది. "పా కి ఓకేనా? మళ్ళీ హార్ట్ బ్రేక్ అవుతుంది మా. పా అప్‌సెట్ అయితే అసలు ఆ రైడే క్యాన్సిల్ చేసేద్దాం. కన్ఫర్మ్ ఆ? మళ్ళీ మార్చరు కదా?"

కమలం జవాబు చెప్పేలోపే సన్యాసిరావు ఆమె భుజం మీదినుంచి ముఖం ముందుకు పెట్టి, ఫోన్ దగ్గరగా అన్నాడు.

"మార్సం. మీ అమ్మా నానూ మాటాడుకున్నాం."